పాత వంటింటి కళకు కొత్త అప్పు ఎందుకు?

ప్రశ్న: ఒడిశాలోని పర్లాకిమిడిలో రెండేళ్ల క్రితం ఇల్లు కట్టుకున్నాం. వంటగదిలో నల్ల గ్రానైటు గట్టు, తెల్ల టైల్సు, తెల్ల లామినేట్ అలమరలు. అన్నీ కొత్తవే, కానీ మందుల కొట్టులో నిలబడి వంట చేస్తున్నట్లు ఉంటుంది. టెక్కలి దగ్గర మా అమ్మమ్మగారి వంటిల్లు ఉండేది. ఆ కళ తేవాలని నా కోరిక. ఇంటీరియర్ డిజైనర్ 1,20,000 రూపాయలు అవుతుందన్నారు. ఇద్దరి జీతాలు కలిపి నెలకు 46,000. గృహరుణం వాయిదా, ఇంటి ఖర్చులు పోను ఆరేడు వేలు మిగులుతాయి. ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో 90,000 ఉన్నాయి. డిపాజిట్ తీసెయ్యాలా, పర్సనల్ లోన్ తీసుకోవాలా?

జవాబు: రెండూ వద్దమ్మా.

ముందు లోన్ సంగతి. 1,20,000 రూపాయలను 14 శాతం వడ్డీకి మూడేళ్లకు తీసుకుంటే నెలకు సుమారు 4,100 కట్టాలి. చివరికి తేలేది దాదాపు 1,47,600. మీకు నెలనెలా మిగిలేదాంట్లో సగానికి పైగా అలమర తలుపులకే పోతుంది. ‘వడ్డీ లేని వాయిదాలు’ అని దుకాణంలో చెబితే, మొత్తం ఒకేసారి ఇస్తే ఎంతకిస్తారని అడిగి చూడండి. ధర తగ్గిస్తే, ఆ తగ్గిన మేరే వడ్డీ.

ఇక డిపాజిట్. మీ నెల ఖర్చు చూస్తే ఆ 90,000 రెండు నెలల పైచిలుకుకు వస్తుంది, అంతే. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మీ గజపతి జిల్లాను ఎలా కుదిపేసిందో మీకు నేను చెప్పనక్కర్లేదు. అటువంటి రోజున చేతిలో ఉండవలసిన సొమ్ము అది. దాన్ని ముట్టుకోకండి.

మరి కోరిక చంపుకోవాలా? అవసరం లేదు. నెలకు 2,500 చొప్పున పది నెలలు రికరింగ్ డిపాజిట్ కట్టండి, 25,000 అవుతాయి. మీరు అడిగిన కళకు అది చాలు. మిగతా నాలుగు వేలూ ఆ తుఫాను సొమ్ముకు కలపండి.

డిజైనర్ ఇచ్చిన లెక్కలో మీరు గమనించారో లేదో, ఎక్కువ భాగం కొత్త వస్తువును పాతదిలా కనిపించేలా చేయడానికే పోతోంది. మీ అమ్మమ్మగారింట్లో పాతదనం ఎవరూ కొనలేదు, వాడగా వాడగా వచ్చింది. అందుకే మొదట ఒక ఆదివారం అక్కడి అటక ఎక్కండి. ఇత్తడి బిందె, గంగాళం, ఆవకాయ జాడీలు, కత్తిపీట, కవ్వం ఏవో కొన్ని దొరుకుతాయి. దొరక్కపోతే ఎవరో స్టీలు సామాను వాడికి ఇచ్చేశారన్నమాట. మా అమ్మ కూడా రెండు బిందెలు ఇచ్చి ఆరు స్టీలు గిన్నెలు తీసుకుంది. ఆ బేరం తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఏమీ మిగలకపోతే సరిహద్దు దాటితే శ్రీకాకుళం జిల్లాలోనే బుడితి ఉంది. ఇత్తడి, కంచు పనికి పేరున్న ఊరు. అక్కడ ఒకటో రెండో మంచివి తీసుకోండి, డజను వద్దు. లామినేట్ పలకకు పెట్టిన డబ్బు అతికించిన రోజే పోతుంది, ఇత్తడికి పదేళ్ల తర్వాత కూడా తూకానికి ధర పలుకుతుంది. అలాగని దాన్ని పెట్టుబడి అనను, మజూరీ తిరిగి రాదు. వాటిలో పులుసో చారో కాచేటట్లయితే ముందు కళాయి పూత వేయించండి. ఆ పూత లేని ఇత్తడిలో పులుపు వండకూడదు.

ఇప్పుడు గది. మందుల కొట్టు పోలిక వచ్చిందంటే సగం తప్పు దీపానిదే. మీది 6,500 కెల్విన్ తెల్ల ట్యూబు అయి ఉంటుంది (కెల్విన్ అంటే వెలుగు రంగుకు కొలత). 2,700 కెల్విన్ పసుపు వెలుగు బల్బు పెట్టి చూడండి, కొన్ని వందలతో తేలిపోతుంది. కూరగాయలు తరిగే చోట మాత్రం తెల్ల వెలుగు ఉంచుకోండి, వేలు తెగితే ఏ కళా మిగలదు.

పొయ్యికి దూరంగా ఉన్న పై అలమర ఒకటి తీయించి, దాని చోట చెక్క అర వేయించండి. పాత ఇళ్లు పడగొట్టేటప్పుడు అమ్మే తలుపు చెక్కలు ఇందుకు బాగుంటాయి. చెద పట్టిందేమో గోరుతో గుచ్చి చూసి, కొలతలు రాసుకుని వెళ్లి కొనండి. వడ్రంగి కూలితో కలిపి 9,000 దాటకూడదు. ‘పొయ్యికి దూరంగా’ అని ఊరికే అనలేదు. మన తాలింపుల జిడ్డు తలుపు లేని అరల మీద వారంలో పేరుకుంటుంది. పత్రికల్లోని ఫొటోల్లో అది కనిపించదు.

మిగతా అలమరల తలుపులు అలాగే ఉండనిచ్చి, స్టీలు పిడులు తీసి ఇత్తడివి బిగించండి, 4,000 లోపు. ఒక్క గోడకు, టైల్సు లేని గోడకు, సున్నపు పచ్చో ఇటుక ఎరుపో వేయించండి. టైల్సు మీద రంగు మాత్రం వద్దు. పొయ్యి వేడికి, ఆవిరికి తొందరగా పెచ్చులు లేస్తుంది, మళ్లీ ఖర్చు. మీ ఊళ్లో పశువుల కొమ్ముతో చేసే బొమ్మ ఒకటి అర మీద పెట్టుకోవాలనిపించవచ్చు. అది కూడా పొయ్యికి దూరంగానే ఉండాలి, కొమ్ము వేడికి మెత్తబడి వంకర పోతుంది.

పనులన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. ఈ నెల బల్బు, రికరింగ్ డిపాజిట్ చేతికి వచ్చాక అర, తర్వాత పిడులు, చివర రంగు. బల్బు మార్చాక రెండు నెలలు గడిస్తే మిగతా వాటిలో ఒకటి రెండు అక్కర్లేదని మీకే అనిపించవచ్చు.

అమ్మమ్మగారి రుబ్బురోలు దొరికితే తప్పకుండా తెచ్చుకోండి. గ్రానైటు గట్టు మీద పెట్టకండి, నేల మీద మూలన ఉంచండి. దానికయ్యే ఖర్చల్లా ఆటో కిరాయి, మోసిన ఇద్దరికి టీ.