లాఠీ లేచే ముందు

సీతమ్మధార,
విశాఖపట్నం.

చిరంజీవి రమణకి,

నీ కథ అందింది. అడవివరం సెంట్రల్ జైలు, సాయంత్రం లాకప్ వేళ, ఖైదీల లెక్క తేలక విసిగిపోయిన వార్డర్. బాగానే ఎత్తుకున్నావు. కానీ నాలుగో లైనుకే లాఠీ దించేశావేంటయ్యా! దాంతో ఆ వార్డర్ కాస్తా సినిమా విలన్ అయిపోయాడు.

ఖైదీ బ్యారక్‌లోకి వెళ్లనని వరండాలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడన్నావు. ఎందుకు కూర్చున్నాడు? ములాఖత్‌కి ఎవరూ రాలేదా, బెయిల్ కొట్టేశారా? రోజూ అతని ముఖం చూసే వార్డర్‌కి అది తెలియకుండా ఉండదు. పైగా మిగతా ఖైదీలంతా చూస్తున్నారు. ఊరుకుంటే రేపు ఇంకో నలుగురు కూర్చుంటారు, కొడితే ఈ రాత్రే బ్యారక్ అంతా తిరగబడొచ్చు. ఆ టెన్షన్‌లోనే ముందు పేరు పెట్టి పిలుస్తాడు. తర్వాత గొంతు పెంచుతాడు. హెడ్ వార్డర్‌ని రప్పిస్తాడు. అప్పటికీ లేవకపోతే ఇద్దరూ చెరో రెక్కా పట్టుకుని లేపుతారు. అది కూడా బలప్రయోగమే. అదే ఖైదీ రాయి అందుకున్నాడనుకో, ఇన్ని మెట్లు ఎక్కే టైమే ఉండదు. మన కథల్లో ఈ తేడా ఎవరూ రాయరు, అందరికీ దెబ్బ చప్పుడే కావాలి.

ఖైదీలతో ఎలా నడుచుకోవాలో చెప్పే మండేలా నియమాలని 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించింది, వాటిలో 82వది చదువు. ఆత్మరక్షణకో, పారిపోతున్నవాణ్ని ఆపడానికో, చట్టబద్ధమైన ఆదేశాన్ని ఖైదీ ఒంటితో ఎదిరిస్తేనో తప్ప బలం వాడకూడదు. వాడినా అవసరానికి మించకూడదు, వెంటనే జైలు అధికారికి తెలపాలి. మొండిగా కూర్చోవడం కూడా ఎదిరించడం కిందికే వస్తుంది, కాబట్టి రెక్క పట్టుకున్నందుకు నీ వార్డర్‌ని తప్పుపట్టలేం. కానీ ఖైదీ లేచి నడవడం మొదలుపెట్టాక వీపు మీద పడిన దెబ్బ సంగతేంటి? అప్పటికి పని అయిపోయింది కదా. అది శిక్ష. 1894 నాటి జైళ్ల చట్టంలో శిక్ష నిర్ణయించేది సూపరింటెండెంట్, వార్డర్ కాదు. నీ కథకి ఆయువుపట్టు ఆ ఒక్క దెబ్బే.

మన ఊరి కేసు ఒకటుంది, వెతికి చదువు. ఇప్పుడు సిటీ సెంట్రల్ పార్కు ఉన్నచోట అప్పట్లో జైలు ఉండేది. జైలు గోడల మీద అధికారులు హైవోల్టేజీ కరెంటు తీగ పెట్టారని అక్కడి నక్సలైట్ ఖైదీలు సుప్రీంకోర్టుకి వెళ్లారు. 1974లో తీర్పు వచ్చింది. శిక్ష పడినంత మాత్రాన ప్రాథమిక హక్కులన్నీ పోవని, ఆ తీగకి చట్టం ఆధారం లేదని, జైళ్ల శాఖ ఇచ్చే ఆదేశాలు చట్టం కావని కోర్టు అంది. అయినా పారిపోవాలని చూస్తే తప్ప ఆ తీగ తగలదు, పారిపోయే హక్కు ఎవరికీ లేదు అని వాళ్ల వాదన ఒప్పుకోలేదు. ఇద్దరి వైపూ న్యాయం ఎక్కడిదాకా ఉందో చూసే ఆ తీరు కథకుడికి పనికొస్తుంది.

ఇంకోటి. దెబ్బ దగ్గర కథ ఆపకు. రాత్రి ఆ వార్డర్ రిపోర్టు రాయాలి. "స్వల్ప బలం ఉపయోగించి లోపలికి పంపడమైనది" అని రాస్తాడు, వీపు మాట ఎత్తడు. అవతల జైలు డాక్టర్ ఆ వాతలు చూసి తన కాగితం తాను రాస్తాడు. పొద్దున్నే రెండు కాగితాలూ సూపరింటెండెంట్ టేబుల్ మీదికి వస్తాయి. ఆ గదిలో ఏం జరిగిందో రాసి దసరాలోపు పంపు. పేజీలు పెరిగినా పర్లేదు.

ఆశీస్సులతో,
మాస్టారు