ఫిజిక్స్ సీటు తీసుకుని ఇంజనీరింగ్ కలుపుకోవడం మంచిదేనా?

ప్రశ్న: మా అబ్బాయికి బిట్స్ హైదరాబాద్ క్యాంపస్‌లో ఎమ్మెస్సీ ఫిజిక్స్ వచ్చేలా ఉంది. ఏడాది తర్వాత బీఈ కూడా కలుపుకోవచ్చట, మొత్తం ఐదేళ్లు. ఇక్కడ ఈఏపీసెట్‌ (పాత ఎంసెట్)లో ఈసీఈ సీటు ఎలాగూ వస్తుంది. రెండు డిగ్రీలు నిజంగా పనికొస్తాయా సార్? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీరు అన్నీ రాశారు గానీ, మీవాడికి ఫిజిక్స్ ఇష్టమో కాదో రాయలేదు. ముందు తేలాల్సింది అదే.

అక్కడ మొదటి ఏడాది సీజీపీఏని (గ్రేడ్ల సగటుని) బట్టి బీఈ బ్రాంచి ఇస్తారు. కంప్యూటర్ సైన్స్‌కి పోటీ గట్టిగా ఉంటుంది. అది అందకపోతే మెకానికలో సివిలో తీసుకోవాల్సి రావచ్చు. ఏది వచ్చినా క్వాంటమ్ మెకానిక్స్, స్టాటిస్టికల్ మెకానిక్స్ మాత్రం తప్పవు.

ఇలాగే రెండు డిగ్రీలు చేస్తున్న ఒకబ్బాయి మూడో ఏడాదిలో నా దగ్గరికొచ్చి రెండు నోట్‌బుక్కులు ముందు పెట్టాడు. సర్క్యూట్స్‌ది అట్ట ఊడిపోయేంతగా నలిగింది. క్వాంటమ్‌ది నాలుగో పేజీ దగ్గరే ఆగిపోయింది. కుర్రాడు తెలివైనవాడే. ఫిజిక్స్‌ని దొడ్డిదారి అనుకుని చేరాడు, అంతే.

ఇష్టం ఉంటే మాత్రం ఈ జోడీ బంగారం. సెమీకండక్టర్లు, లేజర్లు, ఆప్టికల్ ఫైబర్ వంటి వాటిలో ఫిజిక్స్ ఎక్కడ ఆగి ఎలక్ట్రానిక్స్ ఎక్కడ మొదలైందో గీత గీయలేం. మామూలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికైతే రెండో డిగ్రీ పెద్దగా కలిసిరాదు, ఒక ఏడాది ఫీజు, హాస్టల్ ఖర్చు అదనం. పీహెచ్‌డీ కోసమే అయినా ఇదొక్కటే దారి కాదు. పీజీ, పీహెచ్‌డీ సీట్ల కోసం రాసే గేట్‌ పరీక్షలో ఫిజిక్స్ పేపర్ బీటెక్ వాళ్లూ రాయొచ్చు. ఐఐటీ హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ ఫిజిక్స్ నాలుగేళ్ల బీటెక్కే, జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు ఉంటే అదీ చూడండి.

ఇంటర్ మార్కులు చూసి ఇష్టమని తేల్చకండి. కోచింగ్‌లో నేర్పేది నిమిషంలో ఆప్షన్ పట్టుకోవడం, అసలు ఫిజిక్స్‌లో ఒక్క లెక్కతో రెండు రోజులు కుస్తీ పట్టాలి. ఐఐటీ మద్రాస్‌లో ప్రొఫెసర్‌గా పనిచేసిన వి. బాలకృష్ణన్ క్లాసికల్ ఫిజిక్స్ పాఠాలు ఎన్‌పీటెల్‌ అనే ఆన్‌లైన్ వీడియో పాఠాల వేదికలో ఉచితంగా ఉన్నాయి. మూడు పాఠాలు చూడమనండి. మీరు పక్కన కూర్చోవద్దు. సగం అర్థం కాకపోయినా ఫర్వాలేదు, నాలుగోది తనంతట తనే పెట్టుకుంటే బిట్స్‌కి పంపండి. ఫోన్ పక్కన పడేసి లేచిపోతే ఈసీఈలో చేర్చండి.