ఏడాదికి నాలుగుసార్లు ట్రైలర్ లాగడానికి పికప్ ట్రక్కే కొనాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీరు డాలస్‌కు ఉత్తరాన ఉంటున్నారు. బ్రోషర్‌లో 3,000 పౌండ్లకు కాస్త పైగా చూపిస్తున్న పదిహేడు అడుగుల క్యాంపర్ ట్రైలర్, అంటే బండి వెనక తగిలించి లాగే చక్రాల ఇల్లు, కొనబోతున్నారు. ఏడాదికి మూడు నాలుగుసార్లకు మించి దాన్ని బయటికి తీసే ఉద్దేశం లేదు. అయినా ఆఫీసులో మిత్రులందరూ ట్రైలర్ అంటే పికప్ తప్పదని పట్టుబడుతున్నారు, మీ మనసు మాత్రం మూడు వరుసల ఎస్‌యూవీ మీద ఉంది. ఆరేళ్ళ క్రితం నేనూ ఇదే ప్రాంతంలో, దాదాపు ఇంతే బరువున్న ట్రైలర్‌తో, ఇదే సందిగ్ధంలో పడి ఎస్‌యూవీ కొన్నాను, ఇప్పటికీ దానితోనే లాగుతున్నాను. ఎస్‌యూవీ చాలుతుంది. అయితే మీరు ప్రశ్నలో రాసిన 5,000 పౌండ్ల అంకెను, అంటే బండి లాగగలదని కంపెనీ చెప్పే గరిష్ఠ బరువును, నమ్ముకుని కొంటే మాత్రం నాలాగే మొదటి ప్రయాణంలోనే చిక్కుల్లో పడతారు.

ఆ 5,000 అబద్ధమేమీ కాదు. ఫోర్ వీల్ డ్రైవ్ హోండా పైలట్, హైబ్రిడ్ కాని టయోటా హైలాండర్, కియా టెల్యూరైడ్ అన్నీ ఆ బరువును లాగగలవు. హైలాండర్ హైబ్రిడ్ అయితే 3,500 దగ్గరే ఆగుతుంది, ముందు చక్రాలకు మాత్రమే శక్తి వెళ్ళే పైలట్ కూడా అంతే. జీప్ గ్రాండ్ చెరోకీ వీ6 సరైన ప్యాకేజీతో 6,200 వరకు లాగుతుంది. చాలా కంపెనీలు ఈ అంకెను తేల్చడానికి పాటించే, ఇంజనీర్ల సంఘం ఎస్ఏఈ పెట్టిన జే2807 ప్రమాణంలో, అరిజోనాలోని డేవిస్ డ్యామ్ దగ్గర పదకొండు మైళ్ళ పైచిలుకు పొడవున్న ఎక్కుడు దారిని ఏసీ పూర్తిగా వేసుకుని ఎక్కించే పరీక్ష ఒకటి ఉంది. వినడానికి ఘనంగానే ఉంటుంది గాని, ఆ పరీక్షలో బండి లోపల ఉన్నట్టు లెక్కించేది తలా 150 పౌండ్లున్న ఇద్దరు మనుషులను మాత్రమే. మన ఇళ్ళలో ఇద్దరే బయలుదేరే ప్రయాణం ఏది చెప్పండి?

మీరు చూడవలసిన అసలు అంకె డ్రైవర్ తలుపు తెరిస్తే తలుపు చట్రం మీద, పసుపు, తెలుపు రంగుల స్టిక్కర్‌పై ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఇన్ని పౌండ్లకు మించరాదని దాని మీద రాసి ఉంటుంది, దాన్నే పేలోడ్ అంటారు. నా బండికి అది 1,350 పౌండ్లు. అదే మోడల్‌లో సన్‌రూఫ్, పెద్ద చక్రాలు ఉన్న ఖరీదైన రకానికి ఇంకా తక్కువ ఉంటుంది, అందుకే ఇంటర్నెట్‌లో కనిపించే అంకెతో సరిపెట్టుకోకుండా మీరు కొనబోయే ఆ ఒక్క బండి తలుపు తెరిచి చూసుకోవాలి. ట్రైలర్ బరువులో హిచ్ మీద, అంటే ట్రైలర్‌ను తగిలించే మీ బండి వెనక కొక్కెం మీద, దిగే వాటా కూడా ఈ 1,350లో నుంచే పోతుందన్న సంగతి నాకు కొన్న తర్వాత గాని తెలియలేదు.

ఎడ్లబండి చూసినవారికి ఈ వాటా గురించి పెద్దగా చెప్పనక్కరలేదు. మా తాతగారు వరిగడ్డి వేయించేటప్పుడు బండి దిగువన నిలబడి, ముందుకు వేయండి, వెనక్కి వేయండి అని కేకలు వేస్తూ ఉండేవారు. ముందు బరువెక్కితే కాడి ఎడ్ల మెడలను నొక్కేస్తుంది, వెనక బరువెక్కితే నొగ పైకి లేచి మెడ తాళ్ళు బిగుసుకుంటాయి. ట్రైలర్‌కూ అదే నొగ, అదే ఇరుసు. ఇక్కడ లెక్క ఏమిటంటే, నిండుగా ఎక్కించిన ట్రైలర్ మొత్తం బరువులో పది నుంచి పదిహేను శాతం హిచ్ బంతి మీద ఆనాలి. తగ్గితే ట్రైలర్ తోక ఊపుతుంది, మరీ పెరిగితే బండి వెనక కూలబడి ముందు చక్రాలకు రోడ్డు మీద పట్టు తగ్గుతుంది.

మా మొదటి ప్రయాణం ఓక్లహామాలోని బీవర్స్ బెండ్‌కు. ఆ వేసవిలో అమ్మానాన్నలు ఆరు నెలల కోసం వచ్చి ఉన్నారు కాబట్టి మేమిద్దరం, పిల్లలిద్దరు, వారిద్దరు కలిసి ఆరుగురం ఎక్కాము. బ్రోషర్‌లో 3,050 పౌండ్లున్న ట్రైలర్‌లో ముప్పై గ్యాలన్ల నీటి ట్యాంకు ఇంట్లోనే నింపాను. గ్యాలన్ నీరు 8.3 పౌండ్లుంటుంది, అంటే అక్కడే 250 పౌండ్లు చేరాయి. రెండు గ్యాస్ సిలిండర్లు, బ్యాటరీ, పరుపులు, కుర్చీలు, వాటి మీద అమ్మ పట్టుబట్టి పెట్టించిన ఇడ్లీ పాత్ర, గ్రైండర్, బియ్యం సంచీ. ఊరు దాటాక వెనక కుంగినట్టు, స్టీరింగ్ తేలికైనట్టు అనిపించి, లారీలు ఆగే ఒక పెట్రోలు బంకులో తూకపు వేదిక మీదికి ఎక్కించాను. పదిహేను డాలర్లకు అటూ ఇటూ తీసుకుని, ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రైలర్ ఇరుసు వేరువేరుగా తూచి చీటీ ఇస్తారు. తర్వాత ట్రైలర్‌ను పక్కన విప్పి పెట్టి ఒక్క బండినే మళ్ళీ తూచాను. ట్రైలర్ తగిలించి ఉన్నప్పుడు బండి రెండు ఇరుసుల మీద 5,820, విప్పినప్పుడు 5,340. తేడా 480, అదే నొగ బరువు. ట్రైలర్ ఇరుసు మీద 3,420 ఉంది కాబట్టి ట్రైలర్ మొత్తం 3,900, అందులో 480 అంటే పన్నెండు శాతం పైచిలుకు, ఆ నిష్పత్తి సరిగ్గానే ఉంది. కానీ నా బండి సొంత బరువు, మనుషులు, సామాను, నొగ బరువు అన్నీ కలిపి ఉండదగిన పరిమితి 5,750. లాగే సామర్థ్యంలో ఇంకా 1,100 పౌండ్లు మిగిలి ఉండగానే మోసే సామర్థ్యంలో 70 పౌండ్లు దాటిపోయాను.

అక్కడే ట్యాంకు ఖాళీ చేశాను. క్యాంపు స్థలంలో కుళాయి ఎలాగూ ఉంటుంది, అంత దూరం నీళ్ళు మోసుకుపోవడం తెలివితక్కువతనం. బండి వెనక ఉన్న ఐసు పెట్టెను, బియ్యాన్ని తీసి ట్రైలర్‌లో ఇరుసుకు సరిగ్గా పైన నేల మీద పెట్టాను. మళ్ళీ తూచినప్పుడు పరిమితికి లోపల వచ్చింది, అదీ అంతంత మాత్రమే.

ఆ పాఠం నేర్చుకున్నాక ఇంకో తప్పు చేశాను. మరుసటి ఏడు టర్నర్ ఫాల్స్‌కు వెళ్ళి వస్తూ, ట్రైలర్ ముందు భాగంలో ఉన్న నీటి ట్యాంకు ఖాళీగా ఉండగా, పిల్లల సైకిళ్ళతో కలిపి నాలుగు సైకిళ్ళను ట్రైలర్ వెనక బంపరు మీద కట్టాను. ఐ-35 హైవే మీద ఆర్బకుల్ కొండలు దిగుతుండగా ఒక పెద్ద లారీ దాటిపోయింది. దాని గాలికి ట్రైలర్ కుడికి ఒకసారి, ఎడమకు అంతకంటే ఎక్కువగా ఊగింది. పొట్టి వీల్‌బేస్ ఉన్న బండికి ఈ ఊపును ఆపుకునే శక్తి తక్కువ. పికప్ మెరుగైనదని ఒప్పుకోవలసిన చోటు ఇదే: నాలుగు తలుపుల ఫోర్డ్ ఎఫ్-150 పికప్‌లో ముందు, వెనక చక్రాల మధ్య దూరం 145 అంగుళాలుంటే, మూడు వరుసల ఎస్‌యూవీలలో చాలావాటికి 110కీ 120కీ మధ్య ఉంటుంది. ఆ క్షణంలో కాలు బ్రేకు మీదికే పోతుంది, కానీ బండి బ్రేకు తొక్కితే ట్రైలర్ వెనక నుంచి నెట్టుకొచ్చి ఊపు పెరుగుతుంది. స్టీరింగ్ తిన్నగా పట్టుకుని, యాక్సిలరేటర్ వదిలేసి, డ్యాష్‌బోర్డు కింద బిగించిన బ్రేక్ కంట్రోలర్ మీటను బొటనవేలితో నొక్కి ట్రైలర్ బ్రేకులు మాత్రమే వేశాను. నాలుగైదు సెకన్లలో సర్దుకుంది. నాన్న వెనక సీటులో నిద్రపోతూనే ఉన్నారు, ఆయనకు ఇప్పటికీ ఆ సంగతి తెలియదు. ఇంటికొచ్చి నొగ బరువు కొలిస్తే ఏడు శాతం కంటే కాస్త ఎక్కువ ఉంది, అంతే.

మిత్రులు చెప్పే పికప్ విషయానికి వస్తే, పొరుగింటాయన ఎఫ్-150తో నా ట్రైలర్‌నే ఒకసారి లాగించి చూశాను. వెనక ఏదో ఉందన్న ధ్యాసే ఉండదు, ఆ హాయిని కాదనలేను. అయితే అన్ని సొగసులూ ఉన్న నాలుగు తలుపుల పికప్‌ల తలుపు స్టిక్కర్ చూస్తే 1,400 పౌండ్ల దగ్గర ఉన్నవి కూడా దొరుకుతాయి, అంటే నా ఎస్‌యూవీ కంటే ఒక మనిషి బరువు కూడా ఎక్కువ కాదు. టకోమా వంటి మధ్యరకం పికప్‌లలో అయితే పదకొండు, పన్నెండు వందలే కనిపించడం మామూలు. పికప్ అన్న పేరే మోస్తుందనుకోవడం పొరపాటు. పైగా ఆ ఎఫ్-150 పొడవు పందొమ్మిది అడుగులు దాటుతుంది, ఇరవై అడుగుల లోతున్న మా గ్యారేజీలో పెడితే తలుపు మూయగలము గాని బండి ముందు నుంచి మనిషి నడవలేడు. అన్నిటికంటే పెద్ద కారణం మీ ప్రశ్నలోనే ఉంది. వేసవిలో మీ అత్తమామలు వస్తారన్నారు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారిని అంత ఎత్తు మీదికి ఎక్కించాలంటే ఒకరు కింద నుంచి పట్టుకోవాలి, ఎక్కాక చాలా పికప్‌లలో ఆరుగురికి సీట్లు సరిపోవు, వారానికి రెండుసార్లు గుడికీ, కిరాణా కొట్టుకూ రెండు బండ్లు కట్టుకుని వెళ్ళాలి. ట్రైలర్ ఏడాదికి పదిహేను రోజులు రోడ్డు మీద ఉంటే మిగిలిన మూడు వందల యాభై రోజులూ ఆ బండి చేసే పని ఇదే. మొక్కల మట్టి, సోఫా తేవడానికి హోమ్ డిపోలో గంటల లెక్కన పికప్ అద్దెకు దొరుకుతుంది, ఆరేళ్ళలో నాకు అయిదుసార్లు అవసరపడింది.

పెట్రోలు ఖర్చు గురించి కూడా అడిగారు. మామూలుగా హైవే మీద గ్యాలన్‌కు 23 మైళ్ళు ఇచ్చే నా బండి ట్రైలర్‌తో 11, 12 ఇస్తుంది. పికప్ కూడా దాదాపు సగానికే పడిపోతుంది. ఇది బరువు కంటే గాలికి ఎదురొడ్డే ట్రైలర్ ముఖం వల్ల ఎక్కువ, అందుకే కొన్ని ఎస్‌యూవీల మాన్యువల్‌లో ట్రైలర్ ముఖ వైశాల్యానికి కూడా ఒక పరిమితి ఇస్తారు, అది చదవండి. అరవై అయిదు మైళ్ళ వేగం దాటకండి. ట్రైలర్ టైర్ల మీద వేరే వేగం రాసి లేకపోతే వాటికి అదే హద్దు.

కొలరాడో వెళ్ళాలన్న మీ కోరికకు మాత్రం కొంచెం ఆలోచించాలి. అమరిల్లో మీదుగా వెళితే రేటన్ కనుమ 7,834 అడుగుల ఎత్తులో ఉంటుంది. టర్బో లేని ఇంజను ప్రతి వెయ్యి అడుగులకూ సుమారు మూడు శాతం శక్తి కోల్పోతుంది కాబట్టి, అక్కడికి చేరేసరికి దాదాపు నాలుగో వంతు పోయినట్టే. నేను ఒకసారి వెళ్ళాను. ఎక్కడంలో కుడి పక్క లేనులో నలభై అయిదు మైళ్ళతో, ఇంజను అరుస్తుండగా, లారీల వెనక బుద్ధిగా ఎక్కాను. ఎక్కడం విసుగు మాత్రమే, దిగడం పరీక్ష. శిఖరం దాటక ముందే కింది గేరుకు మార్చుకోవాలి, బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకూడదు. ఏటా రెండుసార్లు కొండలకే వెళ్ళేటట్టయితే నా సలహా మారుతుంది.

మారే సందర్భాలు ఇంకా ఉన్నాయి. నిండిన ట్రైలర్ 4,500 పౌండ్లు దాటేటట్టయితే ఈ తరగతి ఎస్‌యూవీ వద్దు. అప్పుడు లారీలాంటి చట్రం మీద కట్టిన టాహో, ఎక్స్‌పెడిషన్ వంటివి చూడాలి. సరైన ప్యాకేజీతో టాహో 8,400 వరకు, ఎక్స్‌పెడిషన్ 9,000 పైన లాగుతాయి, ధర, పెట్రోలు మాత్రం పికప్‌ను తలదన్నుతాయి. జనరేటర్, పెట్రోలు డబ్బా తీసుకెళ్ళే అలవాటు ఉంటే పికప్పే నయం, ఎందుకంటే ఆ వాసనను పిల్లలున్న క్యాబిన్‌లో పెట్టుకోలేము. ఎస్‌యూవీతో నాకు నిజంగా పశ్చాత్తాపం కలిగించినది అదొక్కటే.

ఎస్‌యూవీనే తీసుకుంటే టో ప్యాకేజీతో వచ్చినదే తీసుకోండి. హిచ్ తర్వాత బిగించుకోవచ్చు గాని, చాలా మోడళ్ళలో ఆ ప్యాకేజీతో వచ్చే గేర్ ఆయిల్ కూలర్, పెద్ద రేడియేటర్, ఏడు పిన్నుల వైరింగ్ తర్వాత వేయించడం ఖర్చుతో కూడిన తలనొప్పి. నాలుగు పిన్నుల వైరింగ్ దీపాలకే సరిపోతుంది, ట్రైలర్ ఎలక్ట్రిక్ బ్రేకులకు ఏడు పిన్నులూ, బ్రేక్ కంట్రోలరూ ఉండాలి. టెక్సస్ చట్టం 4,500 పౌండ్ల లోపు ట్రైలర్‌కు బ్రేకులు తప్పనిసరి చేయదు, కాలిఫోర్నియాలో అయితే 1,500 దగ్గరే ఆ హద్దు. చట్టం అడిగినా అడగకపోయినా బ్రేకులు లేకుండా బయలుదేరకండి. బరువును ముందు చక్రాలకు పంచే స్ప్రింగు కడ్డీల హిచ్‌ను నా బండి మాన్యువల్ అనుమతిస్తుంది, కొన్ని బండ్లవి వద్దంటాయి. అది వాడినా తలుపు స్టిక్కర్ మీది పరిమితి ఒక్క పౌండు కూడా పెరగదు.

ట్రైలర్ బేరం ఖాయం చేసుకునే ముందు దాని ఎడమ పక్క ముందు మూలన ఉండే స్టిక్కర్ ఫొటో తీసుకోండి. అందులోని జీవీడబ్ల్యూఆర్ అంటే ట్రైలర్ నిండినప్పుడు ఉండదగిన గరిష్ఠ బరువు. అందులో పదమూడు శాతం, మీ ఆరుగురి బరువు, బండిలో పెట్టే సామాను కూడితే వచ్చిన మొత్తం మీరు చూసిన ఎస్‌యూవీ తలుపు మీది అంకె కంటే నూరు పౌండ్లయినా తక్కువ ఉండాలి. ఆ రెండు అంకెలూ ఇక్కడ రాయండి, లెక్క కలిసి చూద్దాము.