అమెరికాలో ఓటరు నమోదు, పోస్టల్ బ్యాలెట్: కొత్తవాళ్లకు జాగ్రత్తలు

హెచ్‌వన్‌బీ మీద ఉన్నా, గ్రీన్‌కార్డు వచ్చినా, పౌరసత్వ ప్రమాణం చేసేదాకా ఓటరు నమోదు జోలికి పోవద్దు. ఇక్కడ చిక్కు మొదలయ్యేది ఎన్నికల ఆఫీసులో కాదు, డ్రైవింగ్ లైసెన్సులు ఇచ్చే డీఎంవీలో. 1993 నాటి కేంద్ర చట్టం వల్ల చాలా రాష్ట్రాల్లో డ్రైవింగ్ లైసెన్సు ఇచ్చేచోటే ఓటరు నమోదు కూడా చేస్తారు. అన్ని ప్రశ్నలకీ గబగబా ‘అవును’ నొక్కుకుంటూ పోతే పేరు ఓటర్ల జాబితాలోకి ఎక్కిపోవచ్చు. తర్వాత పౌరసత్వానికి ఎన్-400 దరఖాస్తు నింపేటప్పుడు, ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా, ఓటేశారా అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. పౌరులు కానివారు కేంద్ర ఎన్నికల్లో ఓటేస్తే ఏడాది వరకు జైలు శిక్ష పడవచ్చు, దేశం నుంచి పంపించేయనూవచ్చు. పొరపాటున నమోదయ్యారని తెలిస్తే ముందు ఇమ్మిగ్రేషన్ లాయరును కలవండి. పేరు తీయించుకుని, ఆ కాగితం భద్రంగా దాచుకోండి.

ప్రమాణం అయ్యాక నమోదుకు 2002 నాటి చట్టం ప్రకారం డ్రైవింగ్ లైసెన్సు నంబరు ఇవ్వాలి. అది లేకపోతే సోషల్ సెక్యూరిటీ నంబరులో చివరి నాలుగు అంకెలు. వాటిని డీఎంవీ, సోషల్ సెక్యూరిటీ రికార్డులతో సరిచూస్తారు. మన పేర్లు తప్పేది సరిగ్గా ఇక్కడే. ‘వెంకట సత్యనారాయణ’ ఒకచోట మొత్తం ఫస్ట్ నేమ్‌గా ఉంటుంది, ఇంకోచోట ‘సత్యనారాయణ’ మిడిల్ నేమ్ అయిపోతుంది. ఒకచోట ఇంటిపేరు పూర్తిగా, మరోచోట ఒక్క అక్షరం. అందుకే వరస పాటించండి. ప్రమాణం అయిన పది రోజులకు సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకు వెళ్లి పౌరసత్వం, పేరు మార్పించండి, తర్వాత డీఎంవీ, ఆఖరున ఓటరు నమోదు. మూడుచోట్లా పౌరసత్వ సర్టిఫికెట్ మీద ఉన్న పేరే, అక్షరం తేడా లేకుండా రాయండి.

జార్జియాలో ఉన్నవాళ్లు డీఎంవీ మెట్టు అసలు దాటవేయకూడదు. వీసా మీద ఉన్నప్పుడు తీసుకున్న లైసెన్సు రికార్డులో మీరింకా పౌరులు కారనే ఉంటుంది కాబట్టి, రుజువు చూపేదాకా నమోదు ఆగిపోతుంది. పాస్‌పోర్టు గానీ పౌరసత్వ సర్టిఫికెట్ గానీ కాపీ తీసి కౌంటీ (మన జిల్లా లాంటిది) ఎన్నికల ఆఫీసుకు ఇవ్వండి. ఆరిజోనాలో 2004లో ఓటర్లు ఆమోదించిన చట్టం ప్రకారం నమోదుకే పౌరసత్వ రుజువు కావాలి. అది లేకుండా కేంద్ర ఫారంతో నమోదైతే అధ్యక్షుడు, కాంగ్రెస్ వంటి కేంద్ర పదవులకు మాత్రమే ఓటు ఉంటుంది, గవర్నరుకు ఉండదు.

పెద్దవాళ్లకు ఎక్కువగా పనికొచ్చేది పోస్టల్ బ్యాలెట్, ఎక్కువగా తిరిగొచ్చేదీ అదే. టెక్సాస్ సంగతి చూడండి. 65 ఏళ్లు నిండినవాళ్లు, అనారోగ్యంతో ఉన్నవాళ్లు, ఓటింగ్ రోజుల్లో కౌంటీలో లేనివాళ్లు వంటి కొందరికే ఈ వీలుంది. దరఖాస్తు ఎన్నికకు 11 రోజుల ముందే కౌంటీకి చేరాలి. ఆ రోజుకు పోస్టులో వేస్తే చాలదు. 65 నిండినవాళ్లు ఆ ఏడాది ఎన్నికలన్నిటికీ ఒకేసారి అడగవచ్చు కానీ, మళ్లీ ఏడాదికి కొత్త దరఖాస్తు పెట్టాల్సిందే. 2021లో వచ్చిన ఎస్‌బీ 1 చట్టం, దరఖాస్తు మీదా తిప్పి పంపే కవరు మీదా గుర్తింపు నంబరు అడుగుతుంది. అది మీ ఓటరు రికార్డులో ఉన్నదానితో కలవాలి. ఎప్పుడో సోషల్ అంకెలతో నమోదై, ఇప్పుడు లైసెన్సు నంబరు ఒక్కటే రాస్తే కలవకపోవచ్చు. అందుకని రెండూ రాయండి, ఖర్చేమీ లేదు. కవరు మీద ఆ గడి మూత కింద ఉంటుంది, అంటించాక కనిపించదు. 2022 మార్చి ప్రైమరీలో (పార్టీలు అభ్యర్థులను ఎంచుకునే ఎన్నికలో) ఎనిమిది పోస్టల్ ఓట్లలో ఒకటి చొప్పున తిరస్కరణకు గురయ్యాయి, చాలావరకు ఈ నంబరు దగ్గరే. కాబట్టి అమ్మానాన్నల కవర్లు అంటించే ముందు మూత ఎత్తి చూడండి.

కాలిఫోర్నియా, వాషింగ్టన్ రాష్ట్రాల లాంటి చోట్ల నంబరు కాదు, సంతకమే గుర్తింపు. అమ్మ లైసెన్సు మీద తెలుగులో సంతకం పెట్టి, కవరు మీద ఇంగ్లీషులో పొడి అక్షరాలు రాస్తే ఆ రెండూ కలవవు. తెలుగు సంతకం చెల్లుతుంది, అన్నిచోట్లా ఒకటే పెట్టడం ముఖ్యం. భార్యాభర్తలు ఒకరి కవరు మీద ఇంకొకరు సంతకం చేయడం మామూలుగా జరిగే పొరపాటు; కవరు మీద అచ్చయిన పేరు చదివాకే పెన్ను తీయండి. అమ్మ బదులు కొడుకు సంతకం చేయకూడదు. చేయి వణికితే సాయం చేయవచ్చు, కానీ టెక్సాస్‌లో అలా సాయం చేసినవారు కవరు మీద తమ వివరాలు రాసి సంతకం పెట్టాలి.

కవరు మీద ఫోన్ నంబరు అడిగితే తప్పక ఇవ్వండి. తేడా వస్తే సరిదిద్దుకోమని చాలా కౌంటీలు కబురు చేస్తాయి, గడువు మాత్రం చాలా తక్కువ. పోస్టు చేశాక బ్యాలెట్ ఎక్కడుందో కౌంటీ లేదా రాష్ట్ర వెబ్‌సైటులో చూస్తూ ఉండండి. తిరస్కరించిన సంగతి ఉత్తరం కంటే ముందు అక్కడే తెలుస్తుంది.

గ్రీన్‌కార్డు మీద ఉన్న తల్లిదండ్రులు ఇంకా భారత పౌరులే కాబట్టి, ఫారం 6ఏ పెట్టి మన ఊరి జాబితాలో ప్రవాస ఓటరుగా నమోదు కావచ్చు. అయితే ఒరిజినల్ పాస్‌పోర్టుతో స్వయంగా పోలింగ్ బూత్‌కు వెళ్తేనే ఓటు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లకు భారత్‌లో ఓటు హక్కు పోతుంది, ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చే కార్డు) ఉన్నా రాదు. పేరు ఇంకా జాబితాలో ఉంటే ఫారం 7 ఇచ్చి తీయించుకోండి.