టేపు పట్టాకే బేరం: డోనర్ కారుపై పాఠకుల ప్రశ్నలు

సూపర్‌కార్ నకలు కట్టాలనుకునేవారి ఉత్తరాలు ఈసారి చాలా వచ్చాయి. ఫైబర్‌గ్లాస్ బాడీ కింద దాక్కునే పాత కారు, అదే డోనర్, ఎలా ఎంచుకోవాలన్నదే అందరి సందేహం. దాదాపు అందరూ ఇంజన్ హార్స్‌పవర్ దగ్గర మొదలుపెట్టారు. ఇంజన్ తర్వాతైనా మార్చుకోవచ్చు, వీల్‌బేస్‌ని, అంటే ముందు వెనక చక్రాల మధ్య దూరాన్ని, మార్చాలంటే మాత్రం కారుని కోయాలి. అందుకే జవాబులన్నీ టేపుతోనే మొదలవుతాయి.

ప్రశ్న: ఇంజన్ బాగున్న 1986 పాంటియాక్ ఫియరో దొరికింది. దానిమీద లంబోర్గిని కౌంటాష్ బాడీ కూర్చుంటుందా?

జవాబు: ఫియరో వీల్‌బేస్ 2,373 మి.మీ., తొలి కౌంటాష్‌ది 2,450. తేడా 77 మి.మీ. కిట్ (నకలు బాడీ, దాని భాగాలు) అమ్మేవాళ్లని ముందు అడగాల్సింది, బాడీ అచ్చు ఏ కొలతకు పోశారని. కొందరు డోనర్ కొలతకే కుదించి పోస్తారు. అప్పుడు కోతలుండవు గానీ, తలుపుకీ వెనక చక్రానికీ మధ్య జాగా తగ్గిపోయి బండి కాస్త మరుగుజ్జులా కనబడుతుంది. అసలు కొలతకు పోసినదైతే సీట్ల వెనక గోడ దాటాక ఛాసిస్ (చట్రం) కోసి, 77 మి.మీ. అతకాలి.

ఫియరోని ఈ పనికి ఇంతమంది ఎందుకు వాడారంటే, దాని బలమంతా లోపలి ఉక్కు చట్రంలోనే ఉంది. పైన కనిపించే ప్లాస్టిక్ పలకలు బోల్టులతో బిగించినవే. అవి తీసేసినా బండి నడుస్తుంది. అందుకే కోయకముందే పలకలు విప్పి, చట్రం మొత్తం కళ్లారా చూడండి. ముఖ్యంగా వెనక డిక్కీ మూలల కింద పోయే పట్టీలను స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడవండి. మొన లోపలికి దిగిందంటే ఆ బేరం వదిలేయండి. తుప్పు పట్టిన రేకుకి కొత్త రేకు అతికితే వెల్డింగ్ నిలవదు.

పొడిగింపంటే రెండు పట్టీలు అతకడంతో అయిపోదు. గేర్ కేబుళ్లు, హ్యాండ్‌బ్రేక్ కేబుల్, బ్రేకు గొట్టాలు, పెట్రోలు గొట్టాలు, వెనక్కి పోయే వైరింగ్, పక్కల కింద నుంచి రేడియేటర్‌కి పోయే నీళ్ల గొట్టాలు అన్నీ అంతే పెరగాలి. పెట్రోలు ట్యాంకు సీట్ల మధ్య సొరంగంలో ఉంటుంది, వెల్డింగ్ మొదలుపెట్టేముందు దాన్ని దింపి బయట పెట్టడం తప్పనిసరి.

ఇంకో సంగతి. 1984 నుంచి 87 దాకా ఫియరో వెనక సస్పెన్షన్ ఒకటి, 1988ది వేరొకటి. విడిభాగాలు ఒకదానివి ఇంకోదానికి పడవు. మీ కిట్ బ్రాకెట్లు ఏ సంవత్సరానివో అడిగి తెలుసుకోండి. ఎవరైనా ఇదే ఫియరో మీద డయాబ్లో కట్టమంటే ఒప్పుకోకండి. డయాబ్లో వీల్‌బేస్ 2,650, అంటే 277 మి.మీ. అతుకు. అంత పొడిగించడం కంటే ఉక్కు గొట్టాలతో కట్టిన కొత్త ట్యూబ్ ఛాసిస్ కొనడమే తక్కువ పని.

ప్రశ్న: ఫెరారీ ఎఫ్355 నకలుకి టొయోటా ఎంఆర్2 సరైనదంటున్నారు. నిజమేనా?

జవాబు: రెండో తరం ఎంఆర్2 అయితే నిజమే. దాని వీల్‌బేస్ 2,400, ఎఫ్355ది 2,450. ఆ 50 మి.మీ. కంటికి అంతగా ఆనదు. తేడా తెలిసేది ఎత్తులో. ఎంఆర్2 1,240 మి.మీ., ఫెరారీ 1,170. పైకప్పు, అద్దాలు డోనర్‌వే ఉంటాయి కాబట్టి ఆ 70ని బాడీతో కప్పిపుచ్చలేం. స్ప్రింగులు మార్చి సగం దించొచ్చు. అంతకంటే దించితే షాక్ అబ్జార్బర్లు అడుగు తగిలి కొట్టుకుంటాయి.

తొలి తరం ఎంఆర్2 వీల్‌బేస్ 2,320 మాత్రమే. దాన్ని ఈ పనికి తేకండి.

ప్రశ్న: యాక్సిడెంట్ అయిన కారు చవగ్గా వస్తోంది. ఎలాగూ బాడీ తీసేస్తాం కదా, కొనొచ్చా?

జవాబు: మీరు కట్టేది ఏ రకం కిట్ అన్నదాన్నిబట్టి. డోనర్ ఛాసిస్‌నే ఉంచుకుని పైన బాడీ తొడిగే పనైతే వద్దు. వంగిన ఛాసిస్ మీద ఫైబర్ తలుపులు జన్మలో సరిగా మూసుకోవు. అయినా చూడాలనిపిస్తే ఒక పరీక్ష ఉంది. కారుని చదునైన నేలమీద నిలిపి, నాలుగు మూలలా సస్పెన్షన్ బిగించే చోట్ల నుంచి తాపీమేస్త్రి వాడే తూకం గుండు వేలాడదీయండి. గుండు మొన తాకినచోట సుద్దతో గుర్తుపెట్టి కారుని పక్కకు జరపండి. నేలమీద నాలుగు చుక్కలు మిగులుతాయి. మూల నుంచి మూలకి రెండు కర్ణాలూ కొలవండి. తేడా 5 మి.మీ. దాటితే చట్రం ఒరిగిందనే లెక్క.

కిట్‌తో కొత్త ట్యూబ్ ఛాసిస్ వచ్చే పనైతే దెబ్బతిన్న కారే లాభం. ఫ్యాక్టరీ ఫైవ్ 818 కిట్‌కి 2002–07 సుబారు ఇంప్రెజా, అదే కంపెనీ జీటీఎంకి ఐదో తరం కార్వెట్ డోనర్లు. ఈ పద్ధతిలో కావాల్సింది లోపలి సామానే: ఇంజన్, కంప్యూటర్, దానికి జతపడిన తాళంచెవి, వైరింగ్ జడ మొత్తం, పెడల్ బాక్స్, స్టీరింగ్ కాలమ్, చక్రాలు బిగించే హబ్బులు, బ్రేకులు, పెట్రోల్ పంపు. తాళంచెవి లేని కారు కొంటే, సరైన చెవి లేనిదే ఇంజన్‌ని స్టార్ట్ కానివ్వని ఇమ్మొబిలైజర్ దగ్గర పని ఆగిపోతుంది. దెబ్బ తగిలిన మూల హబ్బుని, కంటికి బాగున్నా, నమ్మొద్దు. నీళ్లలో మునిగిన కారు ఎంత చవకైనా వద్దు. కనెక్టర్లలో పచ్చగా చిలుము పట్టి, ఆర్నెల్ల తర్వాత ఒక్కో లైటూ చచ్చిపోతుంది.

విప్పేముందు ఇంజన్ స్టార్ట్ చేయించి, కంప్రెషన్ (సిలిండర్లలో పుట్టే ఒత్తిడి) కొలిపించండి. సిలిండర్ల మధ్య తేడా 10 శాతం దాటకూడదు. వైరింగ్ ప్రతి కొసకీ చీటీ కట్టి ఫొటో తీయండి. కొత్త బండి రిజిస్టర్ అయ్యేదాకా పాత షెల్‌ని తుక్కుకి వేయకండి. ఏదో ఒక బ్రాకెట్ కోసం మళ్లీ దాని దగ్గరికే వెళ్తారు. ఛాసిస్ నంబరు ఉన్న భాగాన్ని, కాగితాలని ముట్టుకునేముందు మీ దగ్గరి నిబంధనలు చదవండి.

ప్రశ్న: నా దగ్గరున్నది ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారు. ఇంజన్‌ని సీట్ల వెనక్కి మార్చొచ్చా?

జవాబు: మార్చొచ్చు. ఫియరోలో పాంటియాక్ మాతృసంస్థ జనరల్ మోటార్స్ చేసింది అదే. 1987 దాకా దాని వెనక భాగం, అదే కంపెనీ ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారు ముందు భాగమే. ఇంజన్, గేర్‌బాక్స్, వాటిని మోసే సబ్‌ఫ్రేమ్ కలిపి ఒకే ముద్దగా వెనక్కి పోతాయి. చిక్కంతా ఆ చక్రాలకి ఉన్న స్టీరింగ్ కడ్డీల్లో ఉంది. వాటిని దొరికినచోట బిగిస్తే, గుంట వచ్చిన ప్రతిసారీ వెనక చక్రం తనంతట తానే తిరుగుతుంది. కడ్డీ లోపలి కొస, సస్పెన్షన్ కింది ఆర్మ్ తిరిగే ఇరుసు గీతలోనే ఉండాలి. కడ్డీ ఆర్మ్‌కి సమాంతరంగా, దాదాపు అంతే పొడవుండాలి. స్ప్రింగ్ తీసేసి చక్రాన్ని జాకీతో పైకీ కిందికీ ఆడించి, టో (చక్రం లోపలికో బయటికో తిరిగి ఉన్న కొలత) ఎంత మారుతోందో కొలిచాకే వెల్డింగ్ ఖాయం చేయండి.

రెండోది బ్రేకులు. ముందు చక్రాలకున్న పెద్ద క్యాలిపర్లు (బ్రేకు ప్యాడ్లని డిస్కుకి నొక్కేవి) ఇప్పుడు వెనక్కి వచ్చాయి. ప్రెషర్ తగ్గించే వాల్వ్ పెట్టకపోతే వెనక చక్రాలు ముందే బిగుసుకుని బండి గిర్రున తిరుగుతుంది. ఆ క్యాలిపర్లకి సాధారణంగా హ్యాండ్‌బ్రేక్ ఏర్పాటు ఉండదు. దానికి వేరే క్యాలిపర్ చూసుకోవాలి.

ప్రశ్న: బాడీ వెడల్పు ఎక్కువ, చక్రాలు లోపలికి పోయాయి. హబ్బుకీ వీల్‌కీ మధ్య స్పేసర్లు (బిళ్లలు) వేస్తే సరిపోదా?

జవాబు: లావు స్పేసర్ కంటే సరైన ఈటీ ఉన్న వీల్ మేలు. ఈటీ అంటే వీల్ మధ్యగీత నుంచి హబ్బుకి ఆనే ముఖం ఎన్ని మి.మీ. బయటికి ఉందో చెప్పే అంకె; అది తగ్గేకొద్దీ వీల్ బయటికి వస్తుంది. ఉదాహరణకి డోనర్ వీల్ 7 అంగుళాలు, ఈటీ45. బయటి అంచు 60 మి.మీ. బయటికి రావాలి. 9 అంగుళాల వీల్ తీసుకుంటే పెరిగిన 2 అంగుళాల్లో సగం, 25 మి.మీ., బయటికి వస్తుంది. మిగతా 35 ఈటీ తగ్గించి తేవాలి: 45 నుంచి 10కి. లోపలి అంచు కూడా 10 మి.మీ. బయటికే జరుగుతుంది, షాక్‌కి తగలదు. ఏ పద్ధతిలోనైనా చక్రం మధ్యగీత 35 మి.మీ. బయటికి పోయింది కాబట్టి బేరింగ్ మీద బరువు పెరుగుతుంది, గుంటల్లో స్టీరింగ్ చేతిని గుంజుతుంది. 100 మి.మీ. దాకా కావాలంటే వీల్స్‌తో కాదు, పొడుగు ఆర్ములు, పొడుగు డ్రైవ్‌షాఫ్టులతోనే.

టైరు ఎత్తు కూడా లెక్కేసుకోండి. 205/55 ఆర్16 నుంచి 285/35 ఆర్18కి మారితే చుట్టుకొలత దాదాపు 4 శాతం పెరుగుతుంది. స్పీడోమీటర్ 100 చూపిస్తుంటే మీరు పోతున్నది 104.

ప్రశ్న: ఫోర్డ్ జీటీ40 నకలుకి పోర్షే 911 గేర్‌బాక్స్ తెచ్చాం. ఒక గేరు ముందుకి, ఐదు వెనక్కి వస్తాయని ఒకాయన భయపెట్టాడు!

జవాబు: ఆయన చెప్పింది నిజం. 911లో ఇంజన్ వెనక, గేర్‌బాక్స్ ముందు. జీటీ40లో రెండూ సీట్ల వెనకే గానీ, ఇంజన్ ముందు, గేర్‌బాక్స్ దాని వెనక. మొత్తం వెనక్కి తిప్పి పెడుతున్నారు కాబట్టి చక్రాలు తిరిగే దిశ కూడా తిరగబడుతుంది. చక్రాలని తిప్పే పెద్ద పళ్లచక్రాన్ని (క్రౌన్‌వీల్), దాన్ని తిప్పే చిన్న పళ్లచక్రానికి (పినియన్) అవతలి పక్కకి మార్చాలి, లేదా గేర్‌బాక్స్‌నే తలకిందులుగా బిగించాలి. తలకిందులు చేస్తే ఆయిల్ మట్టం, బ్రీదర్ (లోపలి గాలి బయటికి పోయే దారి) చోటు కూడా మారతాయి, మరిచిపోతే ఆయిల్ అక్కడి నుంచే కారుతుంది.

పొడవునా ఇంజన్ ఉండే ఆడి ఫ్రంట్ వీల్ డ్రైవ్ గేర్‌బాక్స్‌కి ఈ బెడద లేదు. సుబారుది కూడా దిశ సరిపోతుంది గానీ, ముందు వెనక చక్రాలకి శక్తిని పంచే దాని మధ్య డిఫరెన్షియల్‌ని లాక్ చేసి వెనక షాఫ్ట్ రంధ్రం మూసేయాలి. లాక్ చేయకుండా క్లచ్ వదిలితే శక్తంతా ఏ చక్రమూ లేని ఆ ఖాళీ షాఫ్ట్‌కే పోతుంది, కారు నిలుచున్నచోటే ఉంటుంది.