నగరంలో నడిచే మనిషి క్వాంటం కణంలా ఒకేసారి అన్ని వీధుల్లోనూ ఉన్నట్టు ఊహించుకోవచ్చా?

ఊహించుకోవచ్చు. అయితే ‘నేను అన్ని వీధుల్లోనూ ఉన్నాను’ అనుకోవడం కంటే ‘నేను నడవని దారులకూ నా దారిలో వాటా ఉంది’ అనుకోవడం భౌతికశాస్త్రానికి దగ్గరగా ఉంటుందని నా అభిప్రాయం.

మొదటి ఊహ ఒక చిన్న లెక్కతోనే వీగిపోతుంది. కదిలే ప్రతి వస్తువుకూ తరంగ స్వభావం ఉంటుందని చెప్పిన భౌతికశాస్త్రవేత్త డి బ్రోయ్ 1924లో ప్రతిపాదించిన సూత్రం ప్రకారం, సెకనుకు 1.4 మీటర్ల వేగంతో నడిచే 70 కిలోల మనిషి తరంగదైర్ఘ్యం సుమారు 7 × 10⁻³⁶ మీటర్లు. పరమాణు కేంద్రకంలోని ప్రోటాన్ పరిమాణమే 10⁻¹⁵ మీటర్ల స్థాయిలో ఉంటుంది; అంత చిన్న తరంగం వీధుల మీదుగా పరుచుకున్నట్టు కనిపించే అవకాశమే లేదు. పైగా ఒంటికి తగిలే గాలి, వెలుగు అతడెక్కడున్నాడో క్షణక్షణం నమోదు చేస్తూనే ఉంటాయి; అలా నమోదైతే ఒకేసారి అనేక చోట్ల ఉండే వీలు పోతుంది. (ఇందుకు చూసే మనిషే అక్కరలేదు; క్వాంటం శాస్త్రంలో వాడే ‘పరిశీలన’ అన్న మాట చాలామందిని పెడదారి పట్టించింది.)

రెండో ఊహకు ఆధారం భౌతికశాస్త్రవేత్త ఫైన్‌మన్ 1948లో ప్రచురించిన పద్ధతి. గళ్లుగా ఉన్న వీధుల్లో నాలుగు వీధులు తూర్పుకు, నాలుగు ఉత్తరానికి వెళ్లాలంటే సమాన దూరం గల దారులు 70 ఉంటాయి. మనం ఒకదాన్ని ఎంచుకుంటాం. కణం విషయంలో మాత్రం చుట్టుదారులతో సహా ప్రతి దారినీ లెక్కలోకి తీసుకోవాలి. ఒక్కో దారికి ఒక్కో దశ (తరంగం తన ఊపులో ఎక్కడ ఉందో చెప్పేది) ఉంటుంది, ఆ దశలు పొసగని దారులు ఒకదానినొకటి రద్దు చేసుకోగా, పొసగినవి బలపడతాయి. బరువైన వస్తువుల విషయంలో ఈ రద్దు ఎంత పూర్తిగా జరుగుతుందంటే, మనకు ఒకే దారి ఉన్నట్టు కనిపిస్తుంది.

విద్యార్థిగా ఉన్నప్పుడు ఒక సాయంత్రం ప్రతి కూడలిలోనూ నాణెం ఎగరవేసి, బొమ్మ పడితే కుడికి, బొరుసు పడితే ఎడమకు తిరుగుతూ వంద కూడళ్లు నడిచాను. రెండు గంటలకు పైగా తిరిగినా, బయలుదేరిన చోటికి ఆరు వీధుల దూరంలోనే తేలాను. అందులో వింతేమీ లేదు. ఒక్కో వీధిని ఒక్కో అడుగు అనుకుంటే, వంద అడుగుల యాదృచ్ఛిక నడక మనిషిని చేర్చేది సుమారు పది అడుగుల దూరానికే. 1993లో అహరోనోవ్, డేవిడోవిచ్, జగూరీ ప్రతిపాదించిన క్వాంటం నడకలో అలా కాదు: సరళరేఖపై హడమార్డ్ నాణెంతో (బొమ్మా బొరుసూ సమాన వాటాతో ఒకేసారి ఉండేలా చేసే క్వాంటం నాణెంతో) వంద అడుగులు వేస్తే, కణం ఎక్కువగా కనిపించేది దాదాపు డెబ్బయ్యో అడుగు దగ్గర. అయితే ప్రతి అడుగులోనూ ఆ నాణేన్ని కొలిస్తే ఈ తేడా పోయి, కణం కూడా ఆ సాయంత్రం నేను తిరిగినట్టే తిరుగుతుంది.