వాయిదా తప్పదనిపిస్తే ఇప్పుడే చెప్పేయండి
వచ్చే నెల ఇస్తామన్న సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ అప్పటికి అయ్యేలా లేదు, వాలంటీర్లకు ఎలా చెప్పాలి అని అడిగారు కదండీ. గడువు దాటేదాకా ఆగొద్దు, ఈ వారమే చెప్పేయండి. 2006లో ఉబుంటు అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్లు అదే చేశారు. ఏప్రిల్‌లో రావాల్సిన వెర్షన్‌కి ఇంకా మెరుగులు దిద్దాలి, ఆరు వారాలు వెనక్కి జరుపుదామా అని మార్చిలోనే అందరి ముందూ పెట్టారు. చివరికి జూన్ 1న విడుదలైంది. వాళ్ల వెర్షన్ నంబరు విడుదలైన ఏడాది, నెలను బట్టి ఉంటుంది కాబట్టి, 6.04 అవ్వాల్సింది కూడా 6.06 అయింది!

మీరు మాత్రం తొందరపడి కొత్త తేదీ ప్రకటించకండి. రెండోసారీ తప్పితే ఇక ఎవరూ నమ్మరు, నాకు అనుభవమే. "పని జరుగుతోంది" అని ముక్తసరిగా వదిలేయకుండా, ఏయే బగ్‌ల (లోపాల) దగ్గర ఆగిపోయారో, మీ జాబితాలో వాటికున్న ఇష్యూ నంబర్లతో సహా రాయండి. ఒకటో రెండో ఎవరైనా అందుకుని సరిచేయొచ్చు. చిత్తుప్రతి పంపితే ఓసారి చూస్తాను.